బిడ్డ పుట్టిన రోజునే మొదలుకావలసిన పరిశోధన: చర్చా కార్యక్రమం

పాల్గొన్నవారు: నవజాత శిశు వైద్యురాలు, క్యాన్సర్ పరిశోధకుడు, పర్యావరణ ఆరోగ్య శాస్త్రవేత్త

సంధానకర్త: అందరికీ నమస్కారం. పసిబిడ్డల ఆరోగ్యం, క్యాన్సర్, పర్యావరణం... వైద్య పరిశోధనలో ఈ మూడింటికీ వేర్వేరు విభాగాలు, వేర్వేరు నిధులు. ఒకరి సదస్సుకు మరొకరు వెళ్లడం తక్కువే. అందుకే ఈ రోజు ముగ్గురినీ కలిపి కూర్చోబెట్టాం. డాక్టర్ గారూ, ముందు మీరు చెప్పండి. అప్పుడే పుట్టిన బిడ్డకూ క్యాన్సర్ పరిశోధనకూ సంబంధం ఏమిటి?

శిశు వైద్యురాలు: ఒక కాగితం ముక్కండీ. బిడ్డ పుట్టిన రెండు మూడు రోజుల్లో మడమ మీద గుచ్చి, నాలుగైదు రక్తపు చుక్కలను మందపాటి కాగితం మీద అద్ది ఆరబెడతాం. 1960ల మొదట్లో రాబర్ట్ గత్రీ తెచ్చిన పద్ధతి ఇది. ఫినైల్‌కీటోన్యూరియా అనే జన్యువ్యాధిని మొదటి వారాల్లోనే పట్టుకుని ఆహారం మారిస్తే మెదడు దెబ్బతినకుండా కాపాడవచ్చు. పరీక్ష ముగిశాక కొన్నిచోట్ల ఆ కాగితాలను పారేయకుండా దాచిపెట్టారు. మా పని అక్కడితో అయిపోయింది. వీరి పని అక్కడ మొదలైంది.

క్యాన్సర్ పరిశోధకుడు: అవును. బ్రిటన్‌లో మెల్ గ్రీవ్స్ బృందం రక్తక్యాన్సర్ వచ్చిన చిన్నపిల్లల పాత కాగితాలను వెతికి తీయించింది. వ్యాధి కణాల్లో రెండు జన్యువులు తెగి ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఆ అతుకు ఏ బిడ్డకు ఆ బిడ్డదే, మరొకరిలో అచ్చంగా అలాగే ఉండదు. అదే అతుకు పుట్టినప్పటి ఎండిన చుక్కలోనూ దొరికింది. 1997లో పసికందుల విషయంలో, 1999లో రెండు నుంచి ఐదేళ్ల పిల్లల విషయంలో ఆ ఫలితాలు వచ్చాయి. వ్యాధి మొదటి అడుగు తల్లి కడుపులోనే పడిందని దానితో తేలింది.

సంధానకర్త: అంటే ఆ పిల్లలు క్యాన్సర్‌తోనే పుట్టారనుకోవాలా?

క్యాన్సర్ పరిశోధకుడు: కాదు, ఈ విషయం స్పష్టంగా చెప్పాలి. ఇలాంటి అతుకుల్లో తరచుగా కనిపించేదాన్ని తీసుకుంటే, పుట్టే ప్రతి 100 మందిలో కనీసం ఒకరిలో అది ఉంటుందని అంచనా. వారిలో అత్యధికులకు జీవితంలో ఎప్పుడూ రక్తక్యాన్సర్ రాదు. ఆ కణాలు క్రమంగా కనుమరుగవుతాయి. వ్యాధి రావాలంటే పుట్టిన తర్వాత మరో జన్యుమార్పు జరగాలి. అంటువ్యాధులకు రోగనిరోధక వ్యవస్థ ఎలా స్పందిస్తుందన్నదానిలో దాని కారణం ఉందని గ్రీవ్స్ వాదన. కనుక ఏ తల్లీ గర్భంతో ఉన్నప్పుడు తాను ఏం చేశానోనని కుమిలిపోనక్కర్లేదు.

పర్యావరణ శాస్త్రవేత్త: కుమిలిపోవలసింది మనం. పుట్టకముందు జరిగినది ఏళ్ల తర్వాత బయటపడుతుందని మనకు ముందే తెలుసు, డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ నేర్పింది. గర్భస్రావం కాకుండా ఆపుతుందని 1940ల నుంచి గర్భిణులకు ఇచ్చిన కృత్రిమ హార్మోను అది. దానివల్ల ఆ ప్రయోజనం లేదని 1953లోనే షికాగోలో జరిగిన పరీక్ష తేల్చింది. అయినా ఆపలేదు. 1971లో అమెరికాలో 8 మంది యువతులకు యోనిలో చాలా అరుదైన క్యాన్సర్ వచ్చిందని వైద్యులు గమనించారు. వారిలో ఏడుగురి తల్లులు గర్భవతులుగా ఉన్నప్పుడు ఆ మందు వాడారు. ఆ జబ్బు అంత అరుదైనది కాబట్టి ఎవరికో అనుమానం వచ్చింది. అదే సాధారణంగా కనిపించే క్యాన్సర్ అయి ఉంటే? పుట్టిన బిడ్డలను వరుసగా గమనిస్తున్నవారు లేనప్పుడు ఆ లెక్క ఎవరికి తేలుతుంది?

సంధానకర్త: మందు సంగతి సరే, దాన్ని ఆపేయవచ్చు. పీల్చే గాలి సంగతేమిటి మేడమ్?

పర్యావరణ శాస్త్రవేత్త: గాలిని కూడా మార్చవచ్చు, మార్చినప్పుడు ఫలితం కనిపిస్తుంది. నాకు బాగా నచ్చిన అధ్యయనం ఒకటుంది, 2011లో వచ్చింది. అమెరికాలోని న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో టోల్ గేట్ల దగ్గర వాహనాలు ఆగకుండానే రుసుము వసూలయ్యే ఏర్పాటు చేశారు. నిలబడి పొగ చిమ్మే వరుసలు తగ్గాయి. టోల్ గేటుకు రెండు కిలోమీటర్ల లోపు ఉన్న తల్లులకు నెలలు నిండకముందే కాన్పులు కావడం, కొంచెం దూరంగా ఉన్నవారితో పోలిస్తే, సుమారు 11 శాతం తగ్గింది. తక్కువ బరువుతో పుట్టడమూ ఇంచుమించు అంతే తగ్గింది. ఆ తల్లులకు ఎవరూ మందులివ్వలేదు, జాగ్రత్తలు చెప్పలేదు. బండ్లు ఆగకుండా వెళ్లిపోయాయి, అంతే.

శిశు వైద్యురాలు: నెలలు నిండని బిడ్డను వారాల తరబడి కాపాడుకునే మాకు, ఆ 11 శాతం అంటే ఏమిటో తెలుసు. 2020లో ప్రపంచవ్యాప్తంగా కోటీ 34 లక్షల మంది నెలలు నిండకుండా పుట్టారని అంచనా.

క్యాన్సర్ పరిశోధకుడు: గాలి గురించి నాదీ ఒక మాట. బయటి గాలి కాలుష్యం మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2013లో ప్రకటించింది. ఎలా కలిగిస్తుందన్నది ఆ తర్వాత తెలిసింది. పొగతాగనివారికి వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద లండన్‌లో చార్లెస్ స్వాంటన్ బృందం చేసిన పనిని 2023లో ప్రచురించారు. సన్నటి ధూళి కణాలు కొత్త జన్యుమార్పులు తేవడం కంటే, అప్పటికే మార్పు జరిగి ఊరికే పడి ఉన్న కణాలను వాపు ద్వారా రెచ్చగొడుతున్నాయని వారు చూపారు. ఇందాక పసిపిల్లల రక్తం గురించి చెప్పుకున్నదీ ఇలాంటిదే కదా? మొదటి మార్పు నిశ్శబ్దంగా జరిగిపోతుంది, ఏళ్ల తర్వాత మరొకటి దాన్ని కదిలిస్తుంది. మొదటిదాన్ని ఆపడం మన చేతిలో లేదు. రెండోదాన్ని చాలావరకు ఆపగలం.

సంధానకర్త: ఆసుపత్రి వైపు వద్దాం. వైద్యం వల్ల కూడా పర్యావరణం దెబ్బతింటోందంటున్నారు.

పర్యావరణ శాస్త్రవేత్త: ప్రపంచ హరితగృహ వాయువుల్లో 4 నుంచి 5 శాతం ఆరోగ్య రంగం నుంచే వస్తున్నాయి. డెస్‌ఫ్లురేన్ అనే మత్తువాయువు ఉంది. అదే బరువు కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే నూరేళ్ల లెక్కన అది 2,500 రెట్లు వేడిని పెంచుతుంది. దాని బదులు వాడగల మందులున్నాయి కాబట్టే 2026 నుంచి యూరోపియన్ యూనియన్ దాని మీద నిషేధం పెట్టింది, తప్పనిసరి వైద్య అవసరాలకు మాత్రం మినహాయింపు ఉంది. ఇక, పసిపిల్లల వార్డులో ప్లాస్టిక్...

శిశు వైద్యురాలు: అక్కడ నేను ఒప్పుకోను. కిలో బరువున్న బిడ్డకు ఒకసారి వాడిన గొట్టాన్ని మళ్లీ వాడితే వచ్చేది ఇన్ఫెక్షన్. ఆ ప్లాస్టిక్‌ను తగ్గించమని నన్ను అడగవద్దు.

పర్యావరణ శాస్త్రవేత్త: తగ్గించమనడం లేదు, మార్చమంటున్నాను. మెత్తగా ఉండటానికి పీవీసీ ప్లాస్టిక్ గొట్టాల్లో డీఈహెచ్‌పీ అనే థాలేట్ రకం రసాయనాన్ని కలుపుతారు. అది నెమ్మదిగా రక్తంలోకి, పాలలోకి దిగుతుంది. మగబిడ్డల వృషణాల ఎదుగుదల మీద దాని ప్రభావం గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2002లోనే హెచ్చరించింది, వీలైనచోట అది లేని పరికరాలు వాడమంది. ఒక్కో బిడ్డకు ఒకేసారి ఎన్ని గొట్టాలు ఉంటాయో మీకే బాగా తెలుసు.

శిశు వైద్యురాలు: తెలుసు. అది లేని గొట్టాలు దొరికితే ముందు మా వార్డుకే రావాలి, అందులో వాదన లేదు. నా పట్టుదల ఒక్కటే, దాని బదులు తెచ్చేదాన్ని కూడా మా బిడ్డల్లోనే పరీక్షించి చూపండి. ఎక్కడో బాగా పనిచేసిందని నేరుగా తెచ్చి వాడితే ఏమవుతుందో చూశాం. పుట్టేటప్పుడు ప్రాణవాయువు అందక మెదడు దెబ్బతిన్న బిడ్డల శరీరాన్ని చల్లబరచి 72 గంటలు సుమారు 33.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచడం సంపన్న దేశాల్లో మంచి ఫలితమిచ్చింది. అదే చికిత్సను భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో 408 మంది బిడ్డల మీద పరీక్షిస్తే, చల్లబరచినవారిలోనే మరణాలు ఎక్కువయ్యాయి. 2021లో ఆ ఫలితం వచ్చింది. చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. అదే ఏడాది మరో పరీక్ష, ఐదు దేశాల్లో, తక్కువ బరువుతో పుట్టిన 3,200 మందికి పైగా బిడ్డలతో. బిడ్డ నిలదొక్కుకునేదాకా ఆగకుండా, పుట్టిన వెంటనే తల్లి గుండెకు ఆనించి ఉంచితే మొదటి 28 రోజుల మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. ముందు స్థిమితపడనివ్వాలన్న మా నియమమే తప్పని తేలింది.

క్యాన్సర్ పరిశోధకుడు: తక్కువ చికిత్సతోనే అంత మేలు జరగడం మా దగ్గరా ఉంది. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స తర్వాత మూడు వారాల్లో 15 సార్లు ఇచ్చే రేడియేషన్‌ను ఒకే వారంలో 5 సార్లుగా ఇచ్చి, 4,096 మంది మీద బ్రిటన్‌లో పరీక్షించారు. ఐదేళ్ల తర్వాత చూస్తే వ్యాధి తిరగబెట్టకుండా ఆపడంలో వెనకబడలేదు. రోగికి పది ప్రయాణాలు తప్పాయి. యంత్రం నడిచే సమయం, కరెంటు, ఇంధనం అన్నీ మిగిలాయి. వాతావరణం కోసం చేసిన పరీక్ష కాదది, అయినా ఆ మేలు దానంతటదే వచ్చింది.

సంధానకర్త: చివరి ప్రశ్న. ఇదంతా బిడ్డలను ఏళ్ల తరబడి గమనిస్తేనే కదా సాధ్యం? ఎందుకు జరగడం లేదు?

క్యాన్సర్ పరిశోధకుడు: నిధులు సాధారణంగా మూడేళ్లకో ఐదేళ్లకో ఇస్తారు. నాకు కావలసిన జవాబు ముప్పై ఏళ్లకు వస్తుంది. దానికి తోడు నమ్మకం పోగొట్టుకున్నాం. టెక్సస్‌లో తల్లిదండ్రుల అనుమతి లేకుండా దాచిన 50 లక్షలకు పైగా రక్తపు కాగితాలను, 2009లో వారు కోర్టుకు వెళ్లాక ధ్వంసం చేయాల్సి వచ్చింది. ఎన్ని ప్రశ్నలకు జవాబులు పోయాయో తలచుకుంటే బాధేస్తుంది.

శిశు వైద్యురాలు: తల్లిదండ్రులు చేసినదే సరైనదండీ. బిడ్డ రక్తం వారిని అడగకుండా ఎలా ఉంచుకుంటాం? అయితే అడిగే సమయం ముఖ్యం. నొప్పులు పడుతున్న మనిషి చేతిలో కాగితం పెట్టి సంతకం అడగడం అడగడం కాదు. ఆరేడు నెలల గర్భంతో పరీక్షకు వచ్చినప్పుడే కూర్చోబెట్టి చెప్పాలి. ఎందుకు దాస్తాం, ఎవరు చూస్తారు, ఎప్పుడు వద్దన్నా తీసేస్తాం అన్నవి చెప్పాలి. బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండాక ఆ బిడ్డనే మళ్లీ అడగాలి.

పర్యావరణ శాస్త్రవేత్త: ఆ పత్రంలోనే ఇంటి చిరునామా వాడుకోవచ్చా అని కూడా అడగండి డాక్టర్ గారూ. ఆ ఇంటి దగ్గర గాలి ఎలా ఉండేదో తర్వాత మేము లెక్కగట్టగలం. చిరునామా లేకపోతే మాకు ఆ చుక్క ఉన్నా ఉపయోగం సగమే.