పిన్‌బాల్ యంత్రం మూగబోతే: శబ్దదోషాల నిర్ధారణ, మరమ్మతు

(అనంతపురంలో పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అధ్యాపకులకు, విద్యార్థులకు, రేడియో, టీవీ మరమ్మతు వృత్తిలో తలపండిన పెద్దలకు నమస్కారం.

పిన్‌బాల్ యంత్రాన్ని మన జిల్లాలో చూసినవారు తక్కువే. ఏటవాలుగా అమర్చిన బల్లపై, గాజు కింద ఒక ఉక్కు గుండు దొర్లుతూ, బంపర్లకో టార్గెట్లకో తగిలినప్పుడల్లా పాయింట్లు పడే ఆట అది. వీటిలో ఎక్కువ భాగం అమెరికాలోని చికాగో నగరంలో తయారైనవి. బెంగళూరులోని పాత ఆటశాలల నుండి, సేకరించేవారి ఇళ్ల నుండి అప్పుడప్పుడు ఒకటి హైవే మీదుగా మన దాకా వచ్చేసరికి దానికి నలభై, యాభై ఏళ్ల వయసు ఉంటుంది. ఆ వయసులో దానికి వచ్చే జబ్బుల్లో శబ్దానికి సంబంధించినవాటిని మిగతావాటికంటే ముందు పట్టించుకోవాలని నా అభిప్రాయం. ఆడేవాడి కన్ను గుండు మీదనే ఉంటుంది గనుక తలెత్తి స్కోరు చూసుకునే తీరిక వాడికి ఉండదు. పది పాయింట్లు పడ్డాయా, వెయ్యి పడ్డాయా అనేది చెవితోనే తెలుసుకుంటాడు. శబ్దం పోయిన యంత్రంలో ఆట సగం పోయినట్టే.

మన వృత్తిలో పరికరం బల్లమీదికి రాగానే "ఐసీ (బోర్డు మీది చిప్) పోయింటుంది, మార్చి చూద్దాం" అంటూ సోల్డరింగ్ ఐరన్ వేడిచేసే అలవాటు బలంగా ఉంది. నేను ఈ పూట గట్టిగా చెప్పదలచుకున్నది ఆ అలవాటు మానమనే. ఆయకట్టు చివరి మడికి నీళ్లు పారకపోతే రైతు నేరుగా పోయి తూము పగలగొట్టడు, కాలువ గట్టున నడుస్తూ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూసుకుంటాడు. శబ్దానికీ పుట్టే చోటు నుండి స్పీకర్ దాకా ఒక దారి ఉంది. అది ఎక్కడ ఆగిందో తేలేవరకు ఏ భాగాన్నీ ఊడదీయకూడదు.

ముందు పాత తరం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1970ల చివరి దాకా వచ్చిన యంత్రాలలో చాలావాటికి స్పీకరే లేదు. ఒక పెట్టెలో మూడు లోహపు పట్టీలు ఉంటాయి, ఒక్కొక్క దాని కింద ఒక కాయిల్ ఉంటుంది, కాయిల్‌కు కరెంటు అందగానే లోపల కదిలే ఇనుప కడ్డీ, అంటే ప్లంజర్, ఎగిరి పట్టీని తాకుతుంది. పదికి ఒక స్వరం, వందకు ఒకటి, వెయ్యికి ఒకటి. ఇందులో తరచుగా కనిపించే దోషం ప్లంజర్ బద్ధకించడం. ఎవరో మంచి చేద్దామని ఎప్పుడో వేసిన నూనెకు దుమ్ము చేరి జిగురైపోవడమే దానికి కారణం. ప్లంజర్‌కు నూనె ఎన్నడూ వేయకండి. స్పిరిట్‌తో తుడిచి, లోపలి నైలాన్ గొట్టం అరిగి ఉంటే మార్చండి, చాలు. ప్లంజర్ కొనకు ఉండవలసిన నైలాన్ ముక్క ఊడిపోతే లోహం మీద లోహం పడి "టింగ్" బదులు "టక్" అని మొరటుగా వినిపిస్తుంది. ఇంకొక విషయం: అమెరికా కరెంటు సెకనుకు 60 ఆవృత్తులు, మనది 50. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజిని 230 నుండి 120కి దించగలం కానీ ఆవృత్తిని మార్చలేం. అందుచేత స్కోరు నడిపే మోటారు సుమారుగా ఆరింట అయిదు వంతుల వేగంతో తిరిగి, యాభై పాయింట్లకు కొట్టే అయిదు దెబ్బలు కాస్త నిదానంగా పడతాయి. దానిని దోషమనుకొని మోటారు విప్పకండి.

1977 ప్రాంతం నుండి మైక్రోప్రాసెసర్లు వచ్చాయి. 1979లో విలియమ్స్ కంపెనీ విడుదల చేసిన గోర్గార్ మాట్లాడిన తొలి పిన్‌బాల్ యంత్రం. దాని పదసంపద ఏడు మాటలే, అయినా ఆట సాగేకొద్దీ వేగం పెరిగే గుండెచప్పుడు దాని వెనుక వినబడుతూ ఉంటుంది. ఈ తరం యంత్రాల్లో ప్రధాన బోర్డు "ఫలానా సంఖ్య శబ్దం చెయ్యి" అని ఆజ్ఞ ఇస్తుంది. సౌండ్ బోర్డులోని ప్రత్యేక ప్రాసెసర్ ఆ సంఖ్యను చదివి, రోమ్ చిప్‌లో, అంటే చెరగని జ్ఞాపకంలో, ఉన్న సమాచారాన్ని తీసి, అంకెలను అలలుగా మార్చే ఐసీకి అందిస్తుంది. అక్కడి నుండి వాల్యూమ్ కంట్రోల్, ఆ తర్వాత ఆంప్లిఫయర్, చివరికి స్పీకర్.

ఈ దారిని ఒక్క దెబ్బతో రెండుగా చీల్చే సౌకర్యాన్ని తయారీదారులే ఇచ్చారు. ఆ కాలపు విలియమ్స్ సౌండ్ బోర్డు మీద ఒక చిన్న పరీక్ష బొత్తాం ఉంటుంది. దానిని నొక్కగానే ప్రధాన బోర్డు ప్రమేయం లేకుండా సౌండ్ బోర్డు తన శబ్దాలను తానే వినిపిస్తుంది. అవి సవ్యంగా వినబడితే సౌండ్ బోర్డు, ఆంప్లిఫయర్, స్పీకర్ మూడూ బాగున్నట్టే, వెతకవలసింది ఆజ్ఞలు వచ్చే వైపు. ఏమీ వినబడకపోతే బోర్డులోనో, దాని పవర్‌లోనో, స్పీకర్ వైపో దోషం ఉంది. 1990లో వచ్చిన డబ్ల్యుపిసి అనే విలియమ్స్ బోర్డుల తరంలో పవర్ వేయగానే సౌండ్ బోర్డు తనను తాను పరీక్షించుకొని ఒక్కసారి మోగితే క్షేమం. అంతకన్నా ఎక్కువసార్లు మోగితే ఏ చిప్ చెడిందో ఆ లెక్కను బట్టి మాన్యువల్ చూసి తెలుసుకోవచ్చు.

బొత్తాం నొక్కినా మూగగానే ఉన్నప్పుడు స్పీకర్ నుండి మొదలుపెట్టండి, ఎందుకంటే అది అన్నింటికన్నా సులువు. స్పీకర్ తీగలను విడదీసి 1.5 వోల్టుల పెన్సిల్ సెల్‌ను క్షణంపాటు తాకిస్తే "టప్" అని కోన్ కదలాలి. మల్టీమీటర్‌లో 8 ఓమ్‌ల స్పీకర్ ఆరు, ఏడు ఓమ్‌లు చూపిస్తే మంచిదే. తర్వాత ఆంప్లిఫయర్. చాలా బోర్డులలో ఉండేది టీడీఏ 2002, కారు రేడియోల కోసం రూపొందిన అయిదు కాళ్ల ఐసీ. అయిదో కాలు మీద సరఫరా వోల్టేజి ఉండాలి, నాలుగో కాలు మీద అందులో సుమారు సగం. అక్కడ 12 వోల్టుల సరఫరాకు 6 కనబడకుండా 12 దగ్గరో సున్నా దగ్గరో నిలిచిపోయి ఉంటే ఆ ఐసీని, దాని చుట్టూ ఉన్న కండెన్సర్లను అనుమానించవచ్చు. సగం సరిగ్గా ఉంటే సన్నని స్క్రూడ్రైవర్ లోహాన్ని వేలితో పట్టుకొని ఒకటో కాలును తాకండి, స్పీకర్ "బుర్ర్" మంటే ఆంప్లిఫయర్ బతికే ఉంది. ఈ పరీక్ష సౌండ్ బోర్డు మీద మాత్రమే చేయాలి. అదే పెట్టెలో డిస్‌ప్లేలకు వెళ్లే సరఫరా బాలీ అనే మరో కంపెనీ యంత్రాల్లో 190 వోల్టుల దాకా ఉంటుందని మరవకండి.

పవర్ సంగతి దగ్గర కొంచెం నిలబడాలి, ఎందుకంటే మన ప్రాంతంలో ఎక్కువ దోషాలు ఇక్కడే పుడతాయి. 5 వోల్టుల లైను 4.75 కన్నా తగ్గితే అంకెల ఐసీల మీద నమ్మకం పెట్టుకోలేం, శబ్దాలు తెగుతాయి, తడబడతాయి. ఈ కొలతను కనెక్టర్ దగ్గర గాక ఐసీ కాలు మీదనే తీయండి. కనెక్టర్ దగ్గర సరిగ్గా ఉన్న వోల్టేజి బోర్డు మీదికి వచ్చేసరికి తగ్గిందంటే దోషం ఆ పిన్నులోనే ఉంది. బోర్డును తిరగేసి భూతద్దంతో చూస్తే పిన్ను చుట్టూ, సోల్డర్‌లో, వెంట్రుకంత సన్నని నల్లని వలయం కనబడుతుంది. కొన్నేళ్లపాటు ఆటగాళ్లు యంత్రాన్ని కుదిపిన కుదుపులకు సోల్డర్ అక్కడ పగిలిపోయింది. పాత సోల్డర్‌ను పూర్తిగా లాగేసి కొత్తది పెట్టాలి, పైపైన అద్దితే కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. నా అనుభవంలో "ఐసీ పోయిన" బోర్డులు చాలా మటుకు ఈ వలయాలతోనే వచ్చాయి.

హమ్ మరొక సమస్య. గుయ్ మనే మోత వినబడినప్పుడు మొదట వాల్యూమ్ తిప్పి చూడండి. మోత తగ్గిపోతే అది వాల్యూమ్ కంట్రోల్‌కు ముందు చేరింది, మారకుండా అలాగే ఉంటే ఆ తర్వాత చేరింది. రెండోది, దాని స్థాయి వినండి. ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫయర్ మన 50 ఆవృత్తులను 100గా మారుస్తుంది గనుక ఫిల్టర్ కండెన్సర్ ఎండిపోతే 100 ఆవృత్తుల మోత వస్తుంది. అంతకన్నా లోతైన 50 ఆవృత్తుల మోత వస్తే బ్రిడ్జ్‌లో ఒక డయోడ్ తెగి ఉండవచ్చు, లేదా ఎర్త్ సరిగా లేకపోవచ్చు. ఫిల్టర్‌గా వాడే ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ ఆయుష్షు పది డిగ్రీల వేడి పెరిగితే సగానికి పడిపోతుందని మనవాళ్లు వేసుకునే లెక్క. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊరిలో, మూసిన చెక్కపెట్టెలో దాని గతి ఏమిటో ఊహించండి. ఎర్త్ విషయంలోనూ మన నేలది ప్రత్యేక సమస్యే. దేశంలోనే తక్కువ వానలు పడే జిల్లాలలో మనదొకటి. నేల ఎండిపోయిన కొద్దీ ఎర్త్ నిరోధం పెరుగుతుంది. బొగ్గు, ఉప్పు వేసిన ఎర్త్ గుంతకు నీళ్లు పోయించి, ఆ తర్వాత యంత్రం విప్పమని నేను ఇంటివారికి చెబుతుంటాను. చాలాసార్లు మోత అక్కడే తగ్గిపోతుంది.

ఇప్పుడు నాకు ఎంతో ఇష్టమైన భాగానికి వస్తాను: శబ్దం వస్తోంది, కానీ తప్పు శబ్దం వస్తోంది. మొదటి తరం విలియమ్స్ యంత్రాలలో ప్రధాన బోర్డు ఆజ్ఞలు అయిదు తీగల మీదుగా సౌండ్ బోర్డుకు చేరతాయి. ఆ తీగల విలువలు 1, 2, 4, 8, 16. వీటి కలయికలతో 31 శబ్దాలను పిలవవచ్చు. 4 విలువ గల తీగ తెగిందనుకోండి. అయిదో శబ్దాన్ని అడిగితే 4, 1 రెండూ పోవలసిన చోట 1 మాత్రమే పోతుంది, ఒకటో శబ్దం పలుకుతుంది. ఆరుకు రెండు, ఏడుకు మూడు పలుకుతాయి, నాలుగు అడిగితే ఏమీ పలకదు. అదే తీగ తెగకుండా శాశ్వతంగా గ్రౌండుకు అంటుకుపోయి ఉంటే అది ఎప్పుడూ పిలుస్తున్నట్టే లెక్క, ఫలితం తిరగబడుతుంది: ఒకటి అడిగితే అయిదు వస్తుంది. అడిగినదీ పలికినదీ రెండు నిలువు వరుసల్లో రాసుకుంటే ఎన్నో తీగ చెడిందో కాగితం మీదే తేలిపోతుంది. అప్పుడు ఆ ఒక్క తీగ, దానిని నడిపే ఒక్క ట్రాన్సిస్టర్, కనెక్టర్‌లో ఆ ఒక్క పిన్ను చూస్తే చాలు. దారిలో ప్రధాన బోర్డును కూడా గమనించండి, అక్కడ ఉంచిన బ్యాటరీ సెల్స్ కారితే ఆ క్షారం చుట్టుపక్కల రాగి దారులను తినేస్తుంది.

వాల్యూమ్ తిప్పినప్పుడు వచ్చే గరగర గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి అటూ ఇటూ తిప్పితే చాలామటుకు పోతుంది. కానీ చాలా యంత్రాల్లో ఆ కంట్రోల్ బోర్డు మీద ఉండదు. పెట్టె అడుగున ఉండి పొడవాటి తీగలతో బోర్డుకు చేరుతుంది. ఆ తీగ తెగితే అంతా సవ్యంగా ఉన్నా యంత్రం మూగబోతుంది.

ఇవన్నీ చూశాక ఐసీయే పోయిందని తేలితే అప్పుడు మార్చండి. టీడీఏ 2002 దొరకకపోతే అదే కాళ్ల అమరికతో వచ్చే టీడీఏ 2003 సరిపోతుంది, బెంగళూరు ఎస్పీ రోడ్డులో దొరుకుతుంది. హీట్ సింక్‌కు పేస్ట్ రాసి బిగించండి. వెంటనే స్పీకర్ తగిలించకుండా 8 ఓమ్‌ల పది వాట్ల రెసిస్టర్ పెట్టి, నాలుగో కాలు మీద సగం వోల్టేజి నిలబడుతుందో లేదో చూడండి. రెసిస్టర్ చివరల మధ్య డీసీ ఉండకూడదు. ఉంటే అవుట్‌పుట్ కండెన్సర్ లీకవుతున్నట్టు, ఆ డీసీ స్పీకర్ కాయిల్‌ను కాల్చేస్తుంది. అది సరిచూసుకున్నాక స్పీకర్ తగిలించి, వెనుక తలుపు మూసి తాళం వేసి, మధ్యాహ్నపు వేడిలో ఒక గంట ఆడించండి. తలుపు తీసి ఉంచినప్పుడు కనబడని వేడి దోషాలు అప్పుడే బయటపడతాయి. ఆ గంటసేపూ శబ్దం తెగకుండా ఉంటేనే యంత్రాన్ని యజమానికి అప్పగించండి.