100 వాట్ల సీబీ రేడియో కొనేముందు ఇది చూడుండ్రి

నమస్తే అన్నలు. సీబీ అంటే సిటిజన్స్ బ్యాండ్, బండ్లోళ్లు ఒకరితోని ఒకరు మాట్లాడుకునే రేడియో. ఇగో ఈ డబ్బా మా దోస్తుది, చౌటుప్పల్ కాడ టిప్పర్లు నడిపిస్తడు. ఆన్‌లైన్ల 100 వాట్లని చూసి తెప్పిచ్చుకున్నడు, ఇగ సూర్యాపేట దాంక మాట్లాడొచ్చని వాని సంబురం. బిగిచ్చినంక ఏమైందంటే వీని మాట అవతల బండోనికి మంచిగనే ఇనపడుతుంది, కానీ ఆయనది 4 వాట్ల సెట్టు గదా, ఆయన చెప్పేది వీనికి ఇనపడ్తలేదు. పవర్ పెంచితే నోరు పెద్దగైతది గని చెవులు పెద్దగ కావు.

జెర లెక్క చూద్దాం. 4 నుంచి 100 అంటే 25 రెట్లు, మస్తనిపిస్తది. కానీ సిగ్నల్ ఎంత గట్టిగొస్తుందో చూపే మీటరు మీద ఒక్క ఎస్-యూనిట్, అంటే ఒక్క గీత పెరగాలంటేనే పవర్ 4 రెట్లు కావాలె, అంటే గీ 25 రెట్లకి ముల్లు రెండు గీతలు దాటి జెరంత కదుల్తది, అంతే. గింతదానికి 15 ఆంపియర్ల దాంక గుంజుతది, లైటర్ సాకెట్ల పెడితే ఫ్యూజ్ పోయినట్టే. టిప్పర్ల 24 వోల్టులుంటది, దాన్ని సెట్టుకు తగ్గట్టు దించే కన్వర్టర్ ఖర్చు వేరే.

ఇగ రూలు. మన దేశంల లైసెన్స్ లేకుండ సీబీకి ఇచ్చింది 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్, పవర్ 5 వాట్లు. ఈ సెట్ల 40 ఛానళ్లున్నయి, అది అమెరికా లెక్క, వాళ్లకి 27.405 దాంక ఉంది. 28వ ఛానల్ 27.285 కాడుంటది, అంటే 27వ ఛానల్ దాటి తిప్పినవంటే గట్టు దాటి పక్కోని చేన్ల దిగినట్టే. ఇసొంటి సెట్లు చానా మటుకు 28 నుంచి 29.7 మెగాహెర్ట్జ్ దాంక ఉండే హ్యామ్ బ్యాండ్, అంటే లైసెన్స్ తీసుకొని సరదాకి రేడియో నడిపేటోళ్ల బ్యాండ్ పేరు మీద అమ్ముతరు, లోపల వైరు కట్ చేసి సీబీకి దించుతరు. నాకు హ్యామ్ లైసెన్స్ ఉంది గదా అంటరు కొందరు, అది హ్యామ్ బ్యాండ్లకే భయ్, సీబీల 100 వాట్లు కొట్టనీకి కాదు.

నాకు అసలు భయం ఇంకోటి. ఫిల్టర్ సరిగ లేని సెట్టు 27 మెగాహెర్ట్జ్‌తో ఆగదు, దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతల మీద గూడ అంతో ఇంతో కొడ్తది. 19వ ఛానల్ 27.185 గదా, నాలుగింతలు చేయుండ్రి, 108.74. విమానాలు దిగేటప్పుడు రన్‌వేకి సీద రానీకి ఆనుకునే సిగ్నల్ ఉండేది 108, 112 మెగాహెర్ట్జ్‌ల నడుమనే. శంషాబాద్ మనకెంత దూరం చెప్పుండ్రి!

దూరం కావాలంటే ఆంటెన్నా చూసుకోవాలె. 27 మెగాహెర్ట్జ్‌ల పావు వేవ్, అంటే అల పొడుగుల నాలుగో వంతు, 2.75 మీటర్లు, జానెడు మ్యాగ్నెట్ ఆంటెన్నా ముక్క పెట్టి 100 వాట్లు తోసుడు దండగ. ఇగో చూడుండ్రి, పవర్ 4కి దించిన, ఆంటెన్నా కాడికెళ్లి పవర్ ఎంత వాపస్ వస్తుందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ 1వ ఛానల్ల 1.8, 27వ ఛానల్ల 2.6. పైకి పోతాంటే పెరుగుతుందంటే రాడ్ పొడుగున్నట్టు. కొద్దికొద్దిగ కోద్దాం, తమ్మీ, కెమెరా గిటు తిప్పు.