ఇంగ్లండ్‌లో చిన్న బాకీ వసూలుకు ఏ కోర్టుకి వెళ్ళాలి?

(తెర మీద: సగం పీకేసిన వంటగది)

నమస్కారం. మీరు ఇంగ్లండ్‌లో ఉంటున్నారనుకోండి. వంటగది బాగుచేస్తానన్న బిల్డర్‌కి 1,800 పౌండ్లు అడ్వాన్స్ ఇచ్చారు. పాత అల్మారాలు పీకేసి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు, ఫోనూ ఎత్తడం లేదు. ఆ డబ్బు కోసం ఎక్కడికి వెళ్ళాలి?

ఒప్పుకున్న పని చేయకపోవడం సివిల్ తగాదా. దాన్ని వినేది కౌంటీ కోర్టు. మేజిస్ట్రేట్ కోర్టు ప్రధానంగా క్రిమినల్ కేసులు చూస్తుంది. చాలామంది 'స్మాల్ క్లెయిమ్స్ కోర్టు' అంటారు గానీ, ఆ పేరుతో వేరే కోర్టు లేదు. కౌంటీ కోర్టులోనే చిన్న దావాల కోసం స్మాల్ క్లెయిమ్స్ ట్రాక్ ఉంది. ఇలాంటి డబ్బు దావాలు మామూలుగా 10,000 పౌండ్ల వరకు అందులోకే వెళ్తాయి. 2013 ఏప్రిల్‌కి ముందు ఆ హద్దు 5,000. నేరుగా హైకోర్టులో డబ్బు దావా వేయాలంటే మొత్తం లక్ష పౌండ్లు దాటాలి. ఇదంతా ఇంగ్లండ్, వేల్స్‌కే. స్కాట్లండ్ పద్ధతి వేరు.

(తెర మీద: ఉత్తరం)

ముందు బిల్డర్‌కి ఉత్తరం రాయండి. ఏం ఒప్పుకున్నాడు, ఎంత ఇచ్చారు, ఎప్పటిలోగా తిరిగివ్వాలి, ఇవ్వకపోతే దావా వేస్తామని స్పష్టంగా చెప్పండి. ఈ మెట్టు దాటేయకండి, జడ్జి దీన్ని అడుగుతారు. స్పందన లేకపోతే ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే దావా వేయొచ్చు. 1,800 పౌండ్లకు ఫీజు 115. గెలిస్తే అదీ అవతలివాళ్ళ నుంచే వస్తుంది. ఒప్పందం తప్పిన రోజు నుంచి 6 ఏళ్ళ వరకు గడువు ఉంటుంది, కానీ అంతవరకు ఆగకండి.

దావా కాగితాలు అందినా బిల్డర్ గడువులోగా జవాబివ్వకపోతే, విచారణ లేకుండానే తీర్పు అడగొచ్చు. కాదు, నా తప్పేం లేదంటే మీడియేషన్ ఉంటుంది. 2024 మే నుంచి ఇలాంటి డబ్బు దావాల్లో అది తప్పనిసరి. ఫోన్‌లో గంటసేపు, ఉచితం. మధ్యవర్తి ఇద్దరితో విడివిడిగా మాట్లాడతారు కాబట్టి ముఖాముఖి గొడవ ఉండదు. నాకైతే ఈ మొత్తం పద్ధతిలో బాగా నచ్చింది ఇదే. రాజీ కుదరకపోతే డిస్ట్రిక్ట్ జడ్జి ముందు విచారణ. లాయర్ లేకపోయినా టెన్షన్ పడక్కర్లేదు. మెసేజ్‌లు, రసీదులు, ఫోటోలు వరసగా పెట్టుకుంటే మీరే చెప్పుకోవచ్చు. లాయర్‌ని పెట్టుకుంటే గెలిచినా ఆ ఫీజు సాధారణంగా తిరిగి రాదు.

(తెర మీద: రసీదు మీద కంపెనీ పేరు)

గెలిచాక కూడా డబ్బు దానంతటది చేతికి రాదు. బిల్డర్ ఇవ్వకపోతే బెయిలిఫ్‌ని, అంటే కోర్టు తరఫున బాకీ వసూలు చేసే అధికారిని పంపమని, జీతంలోంచి కోయించమని మళ్ళీ మీరే ఫీజు కట్టి అడగాలి. అందుకే దావాకి ముందే రసీదు తీసి చూడండి. దాని మీద లిమిటెడ్ కంపెనీ పేరుంటే దావా ఆ కంపెనీ మీద వేయాలి, పనికి వచ్చిన మనిషి మీద కాదు. ఆ కంపెనీ ఇంకా నడుస్తోందో, మూతపడిందో కంపెనీలను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా తెలుస్తుంది.