ప్రోస్టేట్ రిపోర్టులు చదవడం: పీఎస్‌ఏ, ఎమ్మారై, బయాప్సీ

నమస్తే అండి. ఇవాళ ప్రోస్టేట్, అంటే మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి, దాని పరీక్షల కాగితాలు మూడు చూద్దాం. మూడూ నమూనా రిపోర్టులే, స్క్రీన్ మీద వరసగా పెడుతున్నా.

మొదటిది పీఎస్‌ఏ. ఇదిగో, ఈ లైను. ప్రోస్టేట్ తయారుచేసే ఒక ప్రొటీన్ రక్తంలో ఎంతుందో చూసే మామూలు రక్తపరీక్షే. అంకె పెరగగానే క్యాన్సర్ అనుకోకండి. వయసుతో ప్రోస్టేట్ ఉబ్బినా పెరుగుతుంది, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. ఒక్కటి మాత్రం డాక్టరుకి తప్పకుండా చెప్పండి: ప్రోస్టేట్ ఉబ్బుకి ఇచ్చే ఫినాస్టెరైడ్ గానీ డ్యుటాస్టెరైడ్ గానీ వాడుతున్నారా అన్నది. కొన్ని నెలలు వాడితే ఇవి పీఎస్‌ఏని దాదాపు సగానికి దించేస్తాయి. కాగితం మీద 3 ఉంటుంది, దాన్ని 6 కింద చూడాల్సి రావచ్చు. జుట్టు రాలకుండా వేసుకునే ఫినాస్టెరైడ్ కూడా ఇదే మందు. దాన్ని చెప్పడం చాలామందికి తట్టదు.

పాత పీఎస్‌ఏలు ఉన్నాయా? పారేయకండి. నేనైతే ఎక్సెల్‌లో పెడతా. ఇక్కడ తేదీ, పక్కన అంకె. మొత్తం సెలెక్ట్ చేసి ఆల్ట్, ఎఫ్1... గ్రాఫ్ వచ్చేసింది. ఒక్క అంకె కన్నా ఈ గీత ఎంత వేగంగా లేస్తోందో డాక్టరుకి ఎక్కువ పనికొస్తుంది. వీలైతే ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించండి.

రెండోది ఎమ్మారై. కింద పైరాడ్స్ అని ఉంది చూడండి, క్యాన్సర్ అనుమానం ఎంతుందో చెప్పే అంకె, 1 నుంచి 5. 4, 5 అయితే సాధారణంగా బయాప్సీకి పంపుతారు. 3 అయితే మిగతావన్నీ కలిపి చూస్తారు. సరే, ముందుకెళ్దాం.

ఇక బయాప్సీ, అంటే ప్రోస్టేట్ నుంచి చిన్న ముక్కలు తీసి చేసే పరీక్ష. ఇక్కడ ఆగుదాం, నిదానంగా చూద్దాం. జూమ్ చేస్తున్నా. గ్లీసన్ అంటే క్యాన్సర్ కణాలు ఎంత దూకుడుగా కనిపిస్తున్నాయో చెప్పే స్కోర్. ఇక్కడ 3 ప్లస్ 3, మొత్తం 6. పదికి ఆరంటే సగం దాటేసిందని గుండె జారిపోతుంది. కాదండీ! ఇప్పుడు బయాప్సీలో క్యాన్సర్‌కి ఇచ్చే స్కోర్ 6 దగ్గరే మొదలవుతుంది. 6 అంటే అన్నింటికన్నా కిందిమెట్టు.

ఇప్పుడు ఈ రెండూ పక్కపక్కన పెడుతున్నా. 3 ప్లస్ 4. 4 ప్లస్ 3. రెండూ కలిపితే 7. కానీ రెండూ ఒకటి కాదు. మొదటి అంకె ఎక్కువ భాగంలో కనిపించిన కణాల తీరు. ముందు 3 ఉంటే నెమ్మదిగా పెరిగే రకం ఎక్కువ. ముందు 4 ఉంటే దూకుడుగా పెరిగే రకం ఎక్కువ. అందుకే కిందనే గ్రేడ్ గ్రూప్ అని ఇంకో అంకె ఇస్తారు, 1 నుంచి 5: 6 అయితే 1, 3 ప్లస్ 4 అయితే 2, 4 ప్లస్ 3 అయితే 3, 8 అయితే 4, 9, 10 అయితే 5. నన్నడిగితే ముందు ఇదే చూడండి. మొత్తం 7 అని మాత్రమే ఎవరైనా చెబితే, ముందున్న అంకె ఏదని అడగండి.

చికిత్స దగ్గరికొద్దాం. గ్రేడ్ గ్రూప్ 1, ప్రోస్టేట్ దాటలేదు అంటే చాలామందికి వెంటనే ఆపరేషన్ అక్కర్లేదు. యాక్టివ్ సర్వైలెన్స్ అంటారు. పీఎస్‌ఏ, ఎమ్మారై, అవసరమైతే మళ్లీ బయాప్సీ చేస్తూ కనిపెట్టుకుని ఉంటారు. ఇది వదిలేయడం కాదు, పరీక్షలు మానేస్తే మాత్రం వదిలేసినట్టే. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే అధ్యయనం ఉంది, ప్రోస్టేట్ దాటని క్యాన్సర్ ఉన్నవాళ్ల మీద. 15 ఏళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. గమనిస్తూ ఉన్నా, ఆపరేషన్ చేసినా, రేడియేషన్ ఇచ్చినా ఈ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు నూటికి దాదాపు ముగ్గురే.

గ్రేడ్ పెరిగితే ఆపరేషన్ లేదా రేడియేషన్. మూత్రం ఆపుకోలేకపోవడం, అంగస్తంభన సమస్యలు ఏ పద్ధతిలో ఎంతవరకు రావచ్చో ముందే అడగండి, మొహమాటపడొద్దు. ఎముకలకు పాకితే హార్మోన్ చికిత్స, టెస్టోస్టెరాన్‌ని అణిచేది. దానికి తోడుగా అబిరాటెరోన్, ఎంజాలుటమైడ్ లాంటి బిళ్లలు.

పాకినవాళ్లకి ఇంకొక్కటి. వెన్నునొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గినా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడొద్దు. వెన్నుపాము నలుగుతోందేమో. అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లండి.