ఎరుపు పైకి వెళ్లేసరికి ఆకుపచ్చ

(చర్చా కార్యక్రమం లిఖిత పాఠం. అతిథులు నలుగురూ తమ సంస్థల తరఫున కాక సొంత అనుభవంతో మాట్లాడారు కాబట్టి పేర్లకు బదులు వృత్తులే ఇస్తున్నాం.)

సంధానకర్త: నమస్కారం. మంచి సాఫ్ట్‌వేర్ ఎలా తయారవుతుందని అడిగితే చాలామంది ఏ భాషలో రాశారు, ఏ పనిముట్లు వాడారు అని మొదలుపెడతారు. ఈ రోజు వాటి జోలికి వెళ్లం. రాసే మనుషులు, వాళ్ల పై అధికారులు, వాళ్ల మధ్య మాట ఎలా నడుస్తుంది, అంతవరకే. మేడమ్, మీరు 18 ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ పరీక్షిస్తున్నారు. మీతో మొదలుపెడదాం.

టెస్టర్: బిల్లులు చెల్లించే ఒక యాప్ మీద పనిచేసిన రోజులు చెబుతానండీ. ఆఫీసులో మా ఫోన్లన్నీ కొత్తవి, వైఫైకి కొరత లేదు. పరీక్షలన్నీ పాసయ్యాయి. విడుదలకు ముందు కొద్దిమందికి ఇచ్చే కూర్పును మా అమ్మ ఫోనులో కూడా వేశాను. ఆ శనివారం ఊరికి వెళితే ఆమె కరెంటు బిల్లు కడుతోంది. మా ఇంట్లో అరుగు మీద కూర్చుంటేనే సిగ్నల్ అందుతుంది. బొటనవేలితో బటన్ నొక్కింది, తెర కదల్లేదు. వేలిని కొంగుకు తుడుచుకుని మళ్లీ నొక్కింది. మూడోసారి ఊపిరి బిగబట్టి గట్టిగా నొక్కింది. ఖాతాలోంచి మూడుసార్లు డబ్బు పోయింది. సోమవారం ఆ లోపం నమోదు చేశాను. "అన్నిసార్లు ఎవరు నొక్కుతారు?" అని రాసి మూసేశారు.

సంధానకర్త: మీరు మళ్లీ తెరిపించలేదా?

టెస్టర్: తెరిపించాను, కానీ రెండు వారాల తర్వాత. నా తప్పు కూడా ఉంది. "మా అమ్మ నొక్కింది" అని రాయడానికి మొహమాటపడి "వినియోగదారు" అని రాశాను. ఆ మాట రాయగానే అరుగూ పోయింది, అమ్మా పోయింది. చదివినవాళ్లకు కనబడింది ఒక సంఖ్య మాత్రమే.

ప్రొఫెసర్: మీరు చెప్పినది వింటుంటే నాకు స్కాట్లాండ్‌లోని డాల్మెలింగ్టన్ గుర్తొస్తోంది. 2015లో అక్కడి పోస్టాఫీసు మహిళ ఒక శాఖకు వచ్చిన 8,000 పౌండ్లను కంప్యూటర్‌లో నమోదు చేస్తుంటే తెర బిగుసుకుపోయింది. ఆమె మళ్లీ మళ్లీ మీట నొక్కింది. అదే మొత్తం నాలుగుసార్లు ఎక్కింది. లెక్క ప్రకారం ఆమె దగ్గర 32,000 ఉండాలి, ఉన్నవి 8,000. అంటే 24,000 పౌండ్లు మాయమైనట్టు. ఇదే లోపం అంతకుముందు ఏళ్లుగా వేరేచోట్ల కూడా తలెత్తిందని తర్వాత తేలింది.

సంధానకర్త: ఇది బ్రిటన్ పోస్టాఫీసు హొరైజన్ వ్యవహారమే కదా? ప్రేక్షకుల కోసం కాస్త వివరంగా చెప్పండి.

ప్రొఫెసర్: అదే. హొరైజన్ అనేది శాఖల లెక్కలు చూసే వ్యవస్థ. 1999 నుంచి అమల్లోకి వచ్చింది, దాని నిర్వహణ ఫుజిత్సు సంస్థది. అక్కడ చిన్న పోస్టాఫీసులను ఎక్కువగా సబ్‌పోస్ట్‌మాస్టర్లే నడుపుతారు, అంటే ఉద్యోగులు కాక ఒప్పందం మీద పనిచేసేవాళ్లు. తేడా వస్తే సొంత డబ్బుతో పూడ్చాల్సి వచ్చేది. నిజానికి లేని లోటు తెర మీద కనబడుతుంటే వాళ్లు పొదుపు డబ్బు తెచ్చి కట్టారు, అప్పులు చేశారు. 1999 నుంచి 2015 మధ్య 900 మందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కల నేరాల కింద దోషులయ్యారు. 2010లో భారతీయ మూలాలున్న ఒక మహిళ గర్భంతో ఉండగానే జైలుకు వెళ్లింది. నన్ను అన్నిటికంటే కలచివేసేది ఇది: సహాయం కోసం ఫోను చేసిన ఎందరికో "ఈ సమస్య మీ ఒక్కరికే వచ్చింది" అనే జవాబు దొరికింది. శాఖ లెక్కలను బయటనుంచి ఎవరూ మార్చలేరని కూడా చెబుతూ వచ్చారు. అదీ నిజం కాదని తేలింది.

సంధానకర్త: తప్పు కోడ్‌లో ఉందా, మనుషుల్లోనా?

ప్రొఫెసర్: లోపం లేని పెద్ద వ్యవస్థ ఎక్కడా లేదు. లోపాలు ఉన్నాయని నిర్వహణ ఇంజనీర్లకు తెలుసు, వాళ్ల రికార్డుల్లోనే నమోదై ఉన్నాయి. ఆ రికార్డులకూ కోర్టు గదికీ మధ్య దారి మూసుకుపోయింది. 555 మంది కలిసి వేసిన దావాలో 2019 డిసెంబరులో వచ్చిన తీర్పుతో, లోటుకు ఆ లోపాలు కారణం కాగలవని కోర్టు తేల్చింది. 2024లో పార్లమెంటు చట్టం చేసి శిక్షలు రద్దు చేయాల్సి వచ్చింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చారంటాం చూడండి, ఇక్కడ ఆ గొడ్డలి అమాయకుల మెడ మీద పడింది.

సంధానకర్త: సర్, మీరు రెండు వందల మంది పనిచేసే విభాగాన్ని చూసుకుంటున్నారు. చెడ్డ వార్త పైకి రాకుండా ఎక్కడ ఆగుతుంది?

మేనేజరు: నా దగ్గరే ఆగుతుంది. దాచకుండా చెబుతున్నాను. ప్రతి శుక్రవారం ప్రాజెక్టు స్థితికి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు పెట్టి పైకి పంపుతాం. కింద ఇంజనీరు ఎరుపు పెడతాడు. బృంద నాయకుడు "ఇంకా పది రోజులు ఉన్నాయి కదా" అని పసుపు చేస్తాడు. నా దగ్గరికి వచ్చాక క్లయింట్ ముందు మాట పడకూడదని ఆకుపచ్చ అవుతుంది. మా వృత్తిలో దీన్ని పుచ్చకాయ రిపోర్టు అంటారు, పైన ఆకుపచ్చ, లోపల ఎరుపు. ఇందులో ఎవరూ పచ్చి అబద్ధం ఆడినట్టు ఉండదు. ఒక్కొక్కరు ఒక్కో మెట్టు సర్దుతారు, అంతే.

డెవలపర్: సర్, క్లయింట్‌కు నిజం చెబితే ఏమవుతుంది?

మేనేజరు: ఒప్పందంలో తేదీ ఉంటుందమ్మా, ఆలస్యమైతే జరిమానా ఉంటుంది. నాణ్యత కావాలని అందరూ అంటారు, తేదీ జరపమంటే ముఖాలు మారతాయి. ఆ ఒత్తిడి ఉత్తది కాదు, నలభై మంది జీతాలు దాని మీద ఉంటాయి. అయితే నా అనుభవంలో ఆరు వారాల ముందు చెప్పిన ఎరుపును క్లయింట్లు దాదాపు ఎప్పుడూ అర్థం చేసుకున్నారు. చివరి రోజున చెప్పిన ఎరుపును ఒక్కరూ క్షమించలేదు.

సంధానకర్త: మీ విభాగంలో ఈ ఏడాది నమోదైన లోపాల సంఖ్య సగానికి తగ్గిందని ఇందాక చర్చకు ముందు సంతోషంగా చెప్పారు.

ప్రొఫెసర్: (నవ్వుతూ) అక్కడ నేను కాస్త అడ్డుపడాలి. హార్వర్డ్‌లోని ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆస్పత్రి బృందాల్లో మందుల పొరపాట్ల మీద పరిశోధన చేశారు. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని అనుకుంటే లెక్కల్లో ఎక్కువ కనబడ్డాయి. తరచి చూస్తే ఆ బృందాల్లో నర్సులు భయపడకుండా చెబుతున్నారు, మిగతాచోట్ల దాస్తున్నారు. లోపాల సంఖ్యను మనిషి పనితీరుకు ముడిపెట్టారా, సర్?

మేనేజరు: పెట్టాం. జీతం పెంపు లెక్కలో ఒక అంశంగా.

ప్రొఫెసర్: అయితే తగ్గినవి లోపాలా, నమోదులా అన్నది మీరే చూసుకోవాలి.

టెస్టర్: నేను చెబుతాను. అటువంటి నిబంధన పెట్టిన చోట పనిచేశాను. డెవలపర్లు నా కుర్చీ దగ్గరికి వచ్చి "అక్కా, నమోదు చేయొద్దు, సాయంత్రానికి సరిచేసేస్తాను" అనేవాళ్లు. పిల్లలు మంచివాళ్లు, చాలావరకు సరిచేసేవాళ్లు కూడా. కానీ అదే లోపం మూడు నెలల తర్వాత ఇంకొకరికి వస్తే, ముందు ఒకసారి వచ్చిందన్న ఆనవాలు ఎక్కడా ఉండదు.

సంధానకర్త: నాలుగేళ్ల అనుభవంతో మీరు ఏమంటారమ్మా? భయం ఎక్కడ మొదలవుతుంది?

డెవలపర్: మొదటి కోడ్ సమీక్షలో, అంటే మనం రాసినదాన్ని తోటివాళ్లు చదివి తప్పులు చెప్పే చోట. నేను చేరిన కొత్తలో ఒక సీనియర్ నా కోడ్ కింద "ఇది ఎవరు రాశారు?" అని రాశారు. పక్కనే నా పేరు ఉంది. ఆ తర్వాత ఏడాదిపాటు చిన్న చిన్న మార్పులు తప్ప పెద్దది ముట్టుకోలేదు. తర్వాతి బృందంలో ఇంకొకరు అలాంటి పొరపాటు దగ్గరే "ఇక్కడ ఖాళీ విలువ వస్తే ఏమవుతుందో చూద్దామా?" అని రాశారు. ఇద్దరూ పట్టుకున్నది ఒకే తప్పు. రెండో మాటకు నేను ఆ రాత్రి కూర్చుని ఇంకో మూడు చోట్ల అదే తప్పు వెతికి సరిచేశాను.

సంధానకర్త: పెద్ద పొరపాటును బాగా ఎదుర్కొన్న సంస్థ ఏదైనా మీకు తెలుసా?

డెవలపర్: గిట్‌ల్యాబ్, ఇంజనీర్లు తమ కోడ్‌ను భద్రపరచుకునే వెబ్ సేవ. 2017 జనవరి 31 రాత్రి వాళ్ల ఇంజనీరు అలసటలో పొరపాటున అసలు సర్వర్‌లోని డేటాబేస్‌ను తొలగించాడు. ఆపేలోపే 300 గిగాబైట్లలో 4.5 మాత్రం మిగిలాయి. బ్యాకప్‌కు ఐదు ఏర్పాట్లు ఉన్నాయి, అవసరానికి ఒక్కటీ సరిగ్గా అందిరాలేదు. ఆరు గంటల ముందు అదే ఇంజనీరు వేరే పని కోసం తీసి పెట్టిన నకలు వాళ్లను కాపాడింది. వాళ్లు తలుపులు మూసుకోలేదు. పునరుద్ధరణ పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు, నోట్సు అందరికీ తెరిచిపెట్టారు. ఆ ఇంజనీరు ఉద్యోగం తీయలేదు.

ప్రొఫెసర్: వాళ్ల నివేదికలో నన్ను ఆపేసిన వాక్యం ఇంకొకటి ఉంది. బ్యాకప్ పని రోజూ విఫలమవుతోందని కంప్యూటర్ ఈమెయిల్స్ పంపుతూనే ఉంది. ఒక అమరిక లోపం వల్ల అవి తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. యంత్రం అరుస్తున్నా వినబడని ఏర్పాటు. ఇంజనీరును తిట్టి పంపేసి ఉంటే ఈ సంగతి బయటికి వచ్చేదా అన్నది నాకు అనుమానమే.

సంధానకర్త: మన నేల మీది ఉదాహరణ ఒకటి అడగాలని ఉంది. శ్రీహరికోట, 1979.

మేనేజరు: ఆ కథ నేను శిక్షణ తరగతుల్లో ప్రతిసారీ చెబుతాను. ఆగస్టు 10న ఉపగ్రహాన్ని మోసుకెళ్లే ఎస్ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. పత్రికలవారి ముందుకు ఇస్రో చైర్మన్ సతీశ్ ధావన్ వెళ్లి వైఫల్యాన్ని తన మీద వేసుకున్నారు. 1980 జూలై 18న ప్రయోగం విజయవంతమైతే, ఆ సమావేశానికి కలాంను వెళ్లమన్నారు. నాయకుడంటే అలా ఉండాలి.

ప్రొఫెసర్: నాకూ ఇష్టమైన కథే, కానీ మనం సగమే చెబుతుంటాం. కలాం తన ప్రసంగాల్లో మొదటి సగం కూడా దాచకుండా చెప్పారు. ప్రయోగానికి నిమిషాల ముందు కంప్యూటర్ లీకేజీని గుర్తించి ఆపేసింది. సరిపడా ఇంధనం ఉందని నిపుణులు భరోసా ఇచ్చారు. ఆయన కంప్యూటర్‌ను పక్కనపెట్టి ప్రయోగించారు. ఆ లీకేజీయే రాకెట్‌ను ముంచింది. ఇన్నేళ్ల తర్వాత కూడా తన నిర్ణయాన్ని తన నోటితో చెప్పగలిగారంటే, ఆ రోజు ధావన్ ఇచ్చిన నీడ ఎంతటిదో ఆలోచించండి. నిందపడ్డ మనిషి ఆ సగాన్ని ఎప్పటికీ చెప్పడు, తర్వాతి తరం ఇంజనీర్లకు ఆ పాఠం అందదు.

సంధానకర్త: సమయం దగ్గరపడింది. మీలో ఎవరైనా ఒకరినొకరు అడగదలచుకున్నది ఉంటే అడగండి.

డెవలపర్: సర్, మిమ్మల్నే. మీరు ఎరుపును ఆకుపచ్చ చేసి పంపినప్పుడు, కింద ఎరుపు పెట్టినవాళ్లకు ఆ సంగతి తెలిసేదా?

మేనేజరు: తెలిసేది. నివేదిక వాళ్లకూ వెళుతుంది కదా. ఒకసారి ఒక అమ్మాయి అందరి ముందే అడిగింది, "సర్, నేను పెట్టిన రంగు ఇది కాదు" అని. సమావేశం అయ్యాక మాట్లాడదాం అన్నాను.

డెవలపర్: మాట్లాడారా?

మేనేజరు: లేదమ్మా. ఆ తర్వాతి శుక్రవారం నుంచి ఆ అమ్మాయే ఆకుపచ్చ పెట్టి పంపేది.