విదేశం నుంచి వచ్చిన కారు, నల్ల అద్దాలు: మన రోడ్డు మీద ఏది చెల్లుతుంది?

[తెర మీద: ఎస్‌యూవీ వెనక తలుపు అద్దం. కెమెరా కింది మూలకు దగ్గరగా వెళ్తుంది.]

నమస్కారం. ఈ అద్దం మూలన చిన్న ముద్ర ఉంది, చూడండి. సున్నాలో ఇంగ్లిషు ‘ఈ’ అక్షరం, పక్కన ఒక అంకె, ఆ దగ్గరే 43ఆర్‌తో మొదలయ్యే నంబరు. ఐక్యరాజ్యసమితి 43వ నిబంధన ప్రకారం ఈ అద్దం పాసైందని దానర్థం. ఈ వరసలో ‘వీ’ అని కూడా ఉందంటే, ఆ అద్దంలోంచి వెళ్లే వెలుతురు 70 శాతం కంటే తక్కువ. అమెరికా లెక్కన తయారైన అద్దమైతే ‘ఏఎస్3’ అని ఉండొచ్చు. ముదురు రంగు అద్దాలకు వాళ్లు వేసే ముద్ర అదే.

అంటే ఇక్కడ ఎవరూ ఫిల్మ్, అదే అద్దం మీద వేసే రంగు ప్లాస్టిక్ పొర, అంటించలేదు. గాజే నల్లది, ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చింది. విదేశం నుంచి కారు తెచ్చుకునేవాళ్లకు, అలాంటి కారును సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకు చిక్కు వచ్చేది ఇక్కడే.

[తెర మీద: మూడు దేశాల జెండాలు, పక్కన శాతాలు.]

బ్రిటన్‌లో ముందు అద్దంలోంచి 75 శాతం, ముందు సీట్ల పక్క అద్దాల్లోంచి 70 శాతం వెలుతురు రావాలి. వెనక సీట్ల అద్దాలకు మాత్రం హద్దు లేదు, ఎంత నల్లగానైనా ఉండొచ్చు. సింగపూర్‌లో ముందు పక్క 70, వెనక పక్క 25 శాతం చాలు. మన దగ్గర 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 100వ నియమం దీని సంగతి చూస్తుంది. ముందు అద్దం, వెనకద్దం 70 శాతం. పక్క అద్దాలన్నీ 50 శాతం. వెనక సీటు కదా అని సడలింపు ఏమీ లేదు.

కాబట్టి లండన్‌లో దర్జాగా తిరిగిన బండి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో నియమం తప్పినట్టు కావచ్చు. “కంపెనీ నుంచే ఇలా వచ్చింది సార్” అంటే సరిపోదు. అద్దాన్ని ఎవరు నల్లగా చేశారు, ఏ దేశంలో చేశారు అన్నది కాదు ప్రశ్న. దానిలోంచి ఎంత వెలుతురు వస్తోంది అన్నదే. అద్దానికి చెరో పక్క పెట్టి కొలిచే చిన్న మీటరు ఆ అంకె చెప్పేస్తుంది. తక్కువ వస్తే గాజు మార్చుకోవడం తప్ప దారి లేదు. పెద్ద ఎస్‌యూవీకి అది చిన్న ఖర్చు కాదు. బండి ఓడ ఎక్కకముందే చూసుకోమని చెప్పేది అందుకే.

ఇక ఫిల్మ్ సంగతి.

[తెర మీద: 2012 ఏప్రిల్ 27]

అభిషేక్ గోయెంకా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఆ రోజు తీర్పు ఇచ్చింది. కంపెనీ తయారీలోనే అద్దానికి రంగు ఉంటే, 70, 50 శాతాల లెక్క తప్పనంత వరకు ఫర్వాలేదు. పైన విడిగా ఫిల్మ్ అంటించడం మాత్రం కుదరదు, అది ఎంత శాతం ఫిల్మ్ అయినా సరే. జడ్, జడ్ ప్లస్ భద్రత ఉన్నవాళ్లకు మాత్రమే మినహాయింపు దారి ఉంచింది. 2022లో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు సినిమా తారల కార్లను కూడా ఆపి ఫిల్మ్ తీయించింది ఈ తీర్పు బలంతోనే.

చాలామంది ఇక్కడ ఒక వాదన తెస్తారు: “నేను వేయించింది 50 శాతం ఫిల్మే కదా, పక్క అద్దానికి అంతే కదా హద్దు?” లెక్క వేసి చూద్దాం. లేత పచ్చ రంగున్న మామూలు పక్క అద్దం 75 శాతం వెలుతురు వదులుతోంది అనుకోండి. దాని మీద 50 శాతం ఫిల్మ్ వేస్తే మిగిలేది 75లో సగం, అంటే 37.5. హద్దు దాటిపోయింది. ముందు అద్దం మరీ సున్నితం. అది 75 ఉంటే, 70 శాతం ఫిల్మ్ వేసినా మిగిలేది 52.5 మాత్రమే. షాపులో చెప్పే శాతం ఫిల్మ్‌ది, మీటరు చూపే శాతం ఫిల్మ్, గాజు రెండూ కలిసినది. ఈ తేడా చెప్పకుండా అమ్మడం కస్టమర్‌కు చేసే అన్యాయం.

2021 ఏప్రిల్ 1 నుంచి 100వ నియమంలో ‘సేఫ్టీ గ్లాస్’తో పాటు ‘సేఫ్టీ గ్లేజింగ్’ అన్న మాట కూడా చేరింది. లోపలి వైపు ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం కూడా దాని కిందికి వస్తుంది. దీన్ని ఆధారం చేసుకుని 2024 సెప్టెంబర్‌లో కేరళ హైకోర్టు, ప్రమాణాలకు లోబడిన ఫిల్మ్ వేసుకున్నవాళ్లకు జరిమానా వేయకూడదని చెప్పింది. ఆ వార్త ముక్క వాట్సాప్‌లో తిరిగి, ఫిల్మ్‌కు అనుమతి వచ్చేసిందని మనవాళ్లు అనుకున్నారు. కానీ అది కేరళ హైకోర్టు మాట. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులు దానికి కట్టుబడి ఉండనక్కర్లేదు. పైగా ఆ తీర్పులో కూడా 70, 50 శాతాలు అలాగే ఉన్నాయి. నల్ల ఫిల్మ్‌కు కేరళలో కూడా చోటు లేదు.

మే నెల ఎండ మాటేమిటి అంటారా? నిజమే, మన ఎండకు కారులో కూర్చోలేం. అయితే ఎండలోని శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాల్లోనే ఉంటుంది. అద్దం నల్లగా ఉన్నంత మాత్రాన అవి ఆగవు. వేడిని ఆపే గాజు కంపెనీల దగ్గరే దొరుకుతుంది, తేటగా ఉంటూనే ఆ పని చేస్తుంది. రాత్రి, వాన, వీధి దీపం లేని రోడ్డు. అలాంటప్పుడు పక్క నుంచి వచ్చే టూవీలర్ నల్లద్దంలోంచి కనిపించదు. నాకు అన్నిటికంటే భయం కలిగించేది అదే.

[తెర మీద: కుడి స్టీరింగ్, ఎడమ స్టీరింగ్ కార్లు పక్కపక్కన.]

విదేశంలో వాడిన కారును దేశంలోకి తేవాలంటే, అది తయారై మూడేళ్లు దాటకూడదు. స్టీరింగ్ కుడి వైపు ఉండాలి, స్పీడోమీటర్ కిలోమీటర్లలో ఉండాలి, హెడ్‌లైట్లు ఎడమ పక్కన నడిచే ట్రాఫిక్‌కు సరిపోవాలి. ఈ చివరి షరతును తేలిగ్గా తీసుకోకండి. కుడి పక్కన నడిచే దేశాల కార్ల హెడ్‌లైట్లు కుడి వైపుకే వెలుగు ఎక్కువ విసురుతాయి. మన రోడ్డు మీద ఆ వెలుగు సరిగ్గా ఎదురుగా వచ్చేవాడి కళ్లలో పడుతుంది. స్టీరింగ్ షరతు దగ్గరే దుబాయ్, అమెరికాల్లో మనవాళ్లు వాడే కార్లు ఆగిపోతాయి. బ్రిటన్, సింగపూర్, ఆస్ట్రేలియా లాంటి దేశాల కార్లకే దారి ఉంటుంది.

కారు వచ్చాక చేయించే మార్పులకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుంటుంది. ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఉల్లంఘిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బండి ముందు అదనంగా బిగించే ఇనప కడ్డీల (బుల్ బార్‌ల) మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది. రంగు మార్చుకోవచ్చు, కానీ ఆర్‌సీలో ఎక్కించాలి. వికలాంగులకు అనువుగా బండిని మార్చుకోవడానికి అనుమతితో వీలుంది. ఆ వీలు ఉందని తెలియక కారే వద్దనుకున్నవాళ్లు మీ ఇంట్లో ఉంటే, ఆర్టీఓ ఆఫీసులో తప్పకుండా అడగండి.

సెకండ్ హ్యాండ్‌లో విదేశీ కారు కొనేవాళ్లకు ఒక మాట. 2025 సెప్టెంబర్‌లో కేరళలో కస్టమ్స్ అధికారులు భూటాన్ నుంచి అక్రమంగా తెచ్చారన్న అనుమానంతో ఖరీదైన కార్లను పట్టుకున్నారు. అలాంటి వ్యవహారంలో కొన్నవాళ్ల చేతిలోంచి కూడా బండి పోతుంది. అడ్వాన్స్ ఇచ్చే ముందే కస్టమ్స్ వాళ్ల దిగుమతి పత్రం ‘బిల్ ఆఫ్ ఎంట్రీ’ అడగండి. అందులోని ఛాసిస్ నంబరు, బండి మీది నంబరు, ఆర్‌సీలోది మూడూ కలవాలి. ఆ తర్వాత నాలుగు తలుపుల అద్దాల మూలలు, వెనకద్దం మూల చూసి, ‘వీ’ గానీ ‘ఏఎస్3’ గానీ కనిపిస్తే మీటరుతో కొలిపించండి, హద్దు కంటే తక్కువ వస్తే గాజు మార్చే ఖర్చు ధరలో తగ్గించమనండి.