కొండ మీది ద్రాక్ష, లేబుల్ మీది ఎత్తు: స్టూడియో చర్చ పూర్తి పాఠం

మంచు దెబ్బకు పంట పోయిన ఏడాది, ఎత్తైన కొండ మీద తోట ఉన్న ఒక బొటీక్ వైనరీ (చిన్నపాటి వైన్ తయారీ సంస్థ) కింది లోయ నుంచి ద్రాక్ష కొన్నదని, సీసా మీద మాత్రం కొండ ఎత్తునే పెద్ద అంకెల్లో వేసుకుందని బయటపడింది. ఆ గొడవ మీద జరిగిన చర్చ ఇది. ఒకరి మీద ఒకరు పడి మాట్లాడిన చోట వినబడినంత వరకే రాశాం. అందరికీ సమాన సమయం ఇస్తామని మొదట్లో ప్రకటించారు. ఇచ్చారో లేదో మీరే చూడండి.

యాంకర్: నమస్కారం. కళ్ళకు గంతలు కట్టి గ్లాసు చేతికిస్తే ఇది కొండ మీది వైన్, ఇది లోయలోది అని ఎవరైనా చెప్పగలరా? చెప్పలేకపోతే ఆ అంకెకు అంత విలువ ఎందుకు? యజమాని గారూ, మీతోనే మొదలుపెడదాం.

వైనరీ యజమాని: ముందు ఒక మాట. మమ్మల్ని దొంగల్లా చూపిస్తున్నారు. మేం ఏదీ దాచలేదు. ఆ ఏడాది చిగుళ్ళు వేశాక మంచు పడింది. ఒక్క రాత్రిలో...

యాంకర్: సార్, నా ప్రశ్న అది కాదు. కళ్ళకు గంతలు...

యజమాని: వస్తున్నానండి, వస్తున్నాను. ఒక్క రాత్రిలో తోటంతా నల్లబడింది. పెద్ద కంపెనీలకైతే పది చోట్ల తోటలుంటాయి. నాకున్నది ఆ ఒక్క కొండే. పనివాళ్ళకి జీతాలివ్వాలా వద్దా?

లోయ రైతు: జీతాల సంగతి ఎవరడిగారండీ? నా ద్రాక్ష కొన్నారు, సంతోషం. సీసా మీద నా ఊరు ఎందుకు లేదు?

యజమాని: పెద్దాయనా, మీకు రేటు బాగానే ఇచ్చాం కదా!

రైతు: రేటు గురించి కాదు నేను...

యాంకర్: మీ దగ్గరికి వస్తాను, ఒక్క నిమిషం. మేడమ్, మీరు ద్రాక్ష సాగు శాస్త్రవేత్త. ఎత్తు వల్ల నిజంగా ఏమవుతుంది?

శాస్త్రవేత్త: మూడు విషయాలున్నాయి. మొదటిది చలి. సుమారుగా ప్రతి 100 మీటర్లకు సగటు ఉష్ణోగ్రత 0.6 డిగ్రీలు తగ్గుతుంది. రాత్రులు చల్లగా ఉంటే కాయలోని పులుపు, ముఖ్యంగా మాలిక్ ఆమ్లం, త్వరగా కరిగిపోదు. రెండోది అతినీలలోహిత కిరణాలు. వెయ్యి మీటర్లు పైకి వెళితే దాదాపు 10 శాతం పెరుగుతాయి. వాటి నుంచి కాపాడుకోవడానికి కాయ తన తొక్కలో రంగు పదార్థాలు ఎక్కువ తయారుచేసుకుంటుంది. అర్జెంటీనాలో దాదాపు 1,500 మీటర్ల ఎత్తున్న మాల్బెక్ అనే నల్ల ద్రాక్ష తోటలో ఆ కిరణాలను ఆపే ప్లాస్టిక్ కప్పి చూశారు. కప్పిన గుత్తుల్లో...

యజమాని: చూశారా! ఇది సైన్స్. నేను మొదటి నుంచీ ఇదే చెబుతున్నాను. మందపాటి తొక్క, ముదురు రంగు, మంచి పులుపు. ఇది మార్కెటింగ్ కాదు!

శాస్త్రవేత్త: నన్ను పూర్తి చేయనివ్వండి. కప్పిన గుత్తుల తొక్కలో ఆ పదార్థాలు తగ్గాయి, అది నిజమే. కానీ కాయకు తెలిసేది ఎండ, చలి. మీటర్ల లెక్క కాదు. నా మూడో విషయం అదే. అక్షాంశం చెప్పకుండా ఎత్తు ఒక్కటే చెబితే సగం సమాచారమే. అర్జెంటీనాలోని సాల్టా దాదాపు 25 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. కింద భరించలేని వేడి కాబట్టి అక్కడ 3,000 మీటర్ల పైన కూడా ద్రాక్ష పండిస్తున్నారు. భూమధ్యరేఖకు ఇంకా దూరంగా ఉన్న ఇటలీలోని వాల్ దావోస్తాలో 1,200 మీటర్లంటేనే దాదాపు ఆఖరి అంచు. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి ఏది గొప్ప అని అడగడంలో అర్థమే లేదు.

(ఇది చర్చలో అన్నిటికంటే పనికొచ్చే మాట. దీనికి ఎవరూ జవాబు చెప్పలేదు.)

యాంకర్: అయితే కళ్ళకు గంతలు కడితే తెలియదన్నమాట!

శాస్త్రవేత్త: నేను అలా అనలేదు.

వైన్ విమర్శకుడు: నేను చెబుతాను. పులుపు తెలుస్తుంది, తొక్క నుంచి వచ్చే వగరు తెలుస్తుంది. అది ఎత్తు వల్ల వచ్చిందా, మరో చల్లని చోటు నుంచి వచ్చిందా అన్నది గ్లాసు చెప్పదు. జర్మనీలోని మోజెల్ లోయ ఎత్తైన చోటు కాదు, ఉత్తరాన ఉంది. అక్కడి తెల్ల వైన్ రీస్లింగ్‌లో పులుపుకు కొదవా? ఫ్రాన్స్‌లో బోర్డోలోని పేరున్న తోటలు సముద్రమట్టానికి కొన్ని పదుల మీటర్ల పైన ఉంటాయి, అంతే. వాళ్ళు ఎప్పుడైనా లేబుల్ మీద మీటర్లు వేసుకున్నారా?

యజమాని: బోర్డోకు వందల ఏళ్ళ పేరుంది సార్! మాకు కొండ తప్ప ఏముంది? 1992లో అర్జెంటీనా వైన్ తయారీదారు నికోలాస్ కటేనా మెండోసా ప్రాంతంలోని గువల్తయారిలో దాదాపు 1,500 మీటర్ల ఎత్తున తోట వేసినప్పుడు అక్కడ కాయ పండదన్నారు. ఇప్పుడు అందరూ అటే పరిగెడుతున్నారు. చైనాలో యున్నాన్ కొండల్లో ఆవో యున్ అనే వైనరీ వాళ్ళు 2,200 నుంచి 2,600 మీటర్ల మధ్య వందల చిన్న చిన్న మడుల్లో పండిస్తున్నారు. 2013లో మొదటి పంట. అంతా చేత్తో చేసే పని. టిబెట్‌లో లాసా దగ్గర 3,563 మీటర్ల తోటకు గిన్నిస్ రికార్డు ఉంది! వీళ్ళంతా మోసగాళ్ళా?

విమర్శకుడు: వాళ్ళు లోయ నుంచి కాయ తెచ్చారని ఎవరూ అనడం లేదు కదండీ. మీ మీదున్న ఆరోపణ వేరు.

యజమాని: ఆరోపణ, ఆరోపణ! కొండ ఎక్కి చూశారా ఎప్పుడైనా? వడగళ్ళు పడతాయి, వలలు కట్టాలి. ట్రాక్టర్ రాదు. కాపు తక్కువ. ఏసీ గదిలో గ్లాసు తిప్పుతూ మార్కులు వేయడం కాదు!

విమర్శకుడు: వ్యక్తిగతంగా వెళ్ళకండి...

[ముగ్గురూ ఒకేసారి. కాసేపు ఏమీ వినబడలేదు.]

రైతు: ...చలి అన్నారు కదా, మేడమ్‌ను అడుగుతున్నాను. రాత్రిపూట మా లోయలోనే ఎక్కువ చలేస్తుంది. అది ఏ లెక్కలోకి వస్తుంది?

శాస్త్రవేత్త: మీరన్నది నిజం. గాలి లేని రాత్రుల్లో చల్లగాలి బరువెక్కి వాలు మీదుగా కిందికి జారుతుంది. లోయ అడుగున నిలిచిపోతుంది. అందుకే చాలాచోట్ల లోయ కంటే కొండవాలుకే మంచు దెబ్బ తక్కువ. అందువల్ల యజమాని గారు చెప్పిన...

యాంకర్: చాలా ఆసక్తికరం! విమానంలో తాగితే వైన్ రుచి మారుతుందంటారు కదా, అదీ ఎత్తు వల్లేనా?

విమర్శకుడు: అది క్యాబిన్‌లో పొడిగాలి వల్ల, తక్కువ పీడనం వల్ల. ముక్కు సరిగ్గా పనిచేయదు. దానికీ దీనికీ సంబంధం లేదు.

యాంకర్: అంటే కళ్ళకు గంతలతో పాటు ముక్కూ...

(విమానాల మీద సంభాషణ మరికొంత సాగింది, వదిలేశాం. మంచు కొండ మీద పడిందా, లోయలో పడిందా అన్న ప్రశ్న ఆ గోలలో పోయింది.)

విమర్శకుడు: దయచేసి అసలు విషయానికి రండి. అమెరికాలో సీసా మీద ఒక తోట పేరు వేయాలంటే 95 శాతం ద్రాక్ష ఆ తోటదే కావాలి. ఐరోపా సమాఖ్యలో ఒక రకం ద్రాక్ష పేరు వేయాలంటే 85 శాతం ఆ రకమే ఉండాలి. ఎత్తుకు అలాంటి నియమం పెట్టడం కష్టమేమీ కాదు. కాలిఫోర్నియాలో హోవెల్ మౌంటెన్ అనే వైన్ ప్రాంతం సరిహద్దును 1,400 అడుగుల ఎత్తు రేఖను బట్టే గీశారు. సూటిగా అడుగుతున్నాను యజమాని గారూ. ఆ సీసాలో కొండ ద్రాక్ష ఎంత శాతం?

యజమాని: మంచి ప్రశ్న. శాతాల గురించి మాట్లాడేవాళ్ళు ముందు నా తోట వాలు ఎంతో తెలుసుకోవాలి. పర్వత సాగు కోసం ఇటలీలో సెర్విమ్ అనే సంస్థ ఉంది. దాని లెక్కలో 500 మీటర్లు దాటినా, 30 శాతం వాలున్నా వీరోచిత సాగే. వీరోచితం అన్నది వాళ్ళ మాట, నాది కాదు!

విమర్శకుడు: శాతం చెప్పండి.

యజమాని: చెబుతున్నాను కదా! వీరోచిత సాగు చేసే చిన్నవాణ్ణి పట్టుకుని ఇలా నిలదీస్తే రేపు కొండ ఎక్కేదెవరు? వేడి పెరుగుతోంది, ద్రాక్ష పైకి పోక తప్పదు. అప్పుడు మా దగ్గరికే వస్తారు అందరూ!

యాంకర్: ఆలోచించాల్సిన మాట. మేడమ్, వేడి పెరిగితే అందరూ కొండ ఎక్కాల్సిందేనా?

శాస్త్రవేత్త: కొంతవరకు. కానీ పైకి వెళ్ళేకొద్దీ నేల తగ్గుతుంది, నీటి కొరత వస్తుంది, అడవి అడ్డొస్తుంది. ఎక్కడికి మారాలన్న దాని కంటే ఏ రకం వేయాలన్నది...

యజమాని: నీళ్ళ గురించి నేను చెబుతాను. మా కొండ మీద...

రైతు: అయ్యా, నేనొక్క మాట చెప్పి ఊరుకుంటాను. నా ద్రాక్ష ఎన్ని బుట్టలు వెళ్ళాయో నా దగ్గర చీటీలున్నాయి...

యాంకర్: చీటీల విషయం తప్పకుండా మరోసారి మాట్లాడుకుందాం, సమయం అయిపోయింది. యజమాని గారూ, ముగించే ముందు ముప్పై సెకన్లు మీకే. కళ్ళకు గంతలు కడితే మీ వైన్‌ను మీరు గుర్తుపడతారా?

యజమాని: నిద్రలో లేపి ఇచ్చినా గుర్తుపడతాను! నీళ్ళ గురించి చెబుతున్నాను కదా, మా కొండ మీద మంచు కరిగిన నీళ్ళు...

[ముగింపు సంగీతం మొదలైంది. యజమాని ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు.]